తిరుపతన్న ఇంట్లో సర్వర్లు ఆగిన రోజు

ఉమారాణి షేర్ ఆటో దిగేటప్పటికి ఆమె చేతిలో డీజిల్ డబ్బా ఉంది. పొద్దున్నే తను పనిచేసే చోటి యజమాని తిరుపతి నంబరు నుంచి మిస్డ్ కాల్ వచ్చింది. ఒక్క రింగుతో ఆగిపోయే ఫోన్‌కు వాళ్ల మధ్య ఒకటే అర్థం. జనరేటర్‌లో డీజిల్ అయిపోవస్తోంది, వచ్చేటప్పుడు పట్టుకురా అని. అది రెండు వేల పన్నెండు ఎండాకాలం. మొయినాబాద్‌లో పొద్దున కరెంటు పోతే మధ్యాహ్నానికి గానీ వచ్చేది కాదు. అందుకే ఆమె తిరిగి ఫోన్ చేయలేదు. రోడ్డు మీది బంకులో డబ్బా నింపించుకుని, వాసనకు పక్కవాళ్లు ముక్కు మూసుకుంటున్నా పట్టించుకోకుండా కాళ్ల దగ్గర పెట్టుకుని వచ్చింది.

సందు మలుపు తిరగ్గానే తిరుపతి ఇంటి ముందు కొందరు టెంటు కడుతూ కనిపించారు. ఇంట్లో ఏదో ఫంక్షన్ ఉన్నట్టుంది, తనకు చెప్పనేలేదే అనుకుంది. గేటు దగ్గర ఎవరో తెలియని మనిషి ఆమె చేతిలోని డబ్బా చూసి ఎదురొచ్చాడు.

"డీజిలేనా? మంచి టైముకు తెచ్చినవమ్మా. ఇంకింత సేపైతే జనరేటర్ బందే అయితుండె," అని డబ్బా అందుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు.

ఆమె వరండా ఎక్కింది. హాల్లో ఆడవాళ్లు గోడ వారగా కూర్చుని ఉన్నారు. మధ్యలో అద్దం మూత ఉన్న పొడవాటి పెట్టె. శవం చెడిపోకుండా ఉంచడానికి టెంటు హౌస్ వాళ్లు కిరాయికి ఇచ్చే ఫ్రీజర్ పెట్టె అది. అద్దం లోపల తిరుపతి పడుకుని ఉన్నాడు. గడ్డం కింద నుంచి నెత్తి మీదికి తెల్ల గుడ్డ కట్టారు.

ఉమారాణికి ఏడుపు రాలేదు. చెప్పులు విడవకుండా లోపలికి వచ్చానని మాత్రం తట్టింది. వెనక్కి వెళ్లి విడిచి వచ్చింది. మళ్లీ చూసింది. లోపలున్న మనిషి మారలేదు. నిన్న సాయంత్రం ఐదింటికి ఈ మనిషే "రేపు జర తొందరగ రా, బ్యాటరీలు చూడాలె" అన్నాడు. ఆమె గడియారం వైపు చూసింది, ఆలస్యమైందేమో అన్నట్టు.

గేటు దగ్గర డబ్బా తీసుకున్న మనిషి జంగయ్య, తిరుపతి భార్య పూర్ణిమకు అన్న. అతనే వచ్చి మెల్లగా చెప్పాడు.

"పొద్దుగాల నల్లా కాడ మొఖం కడుక్కుంటనే పడిపోయిండు. దవాఖానకు తీసుకపోయేసరికే అయిపోయిందన్నరు. గుండెనట. ఆయన ఫోన్ల నీ నంబరే పైన ఉన్నదని మా చెల్లె నీకు కొట్టింది. ఒక రింగు పోంగనే ఆమె చేతులకెల్లి ఫోన్ జారిపోయింది."

తిరుపతికి అప్పటికి నలభై కూడా నిండలేదు.

ఉమారాణిది హిమాయత్‌నగర్. హైదరాబాద్‌లోది కాదు, చేవెళ్ల రోడ్డు మీద నుంచి లోపలికి పోతే వచ్చే ఊరు. తండ్రి నర్సింహులు ఉన్న కొద్ది పొలంలో టమాట, కొత్తిమీర పండిస్తాడు. తల్లి అంతమ్మ అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో వంట చేస్తుంది. ఉమారాణి చేవెళ్లలో కంప్యూటర్ డిగ్రీ చదివింది. ఆ రోజుల్లో మాదాపూర్, గచ్చిబౌలి వైపు అద్దాల బిల్డింగులు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. ఎవరిని అడిగినా ఐటీ మాటే. ఆమె కూడా బస్సులు మారుతూ చాలా ఇంటర్వ్యూలకు వెళ్లింది. మీ గురించి చెప్పండి అని ఇంగ్లిష్‌లో అడిగే మొదటి ప్రశ్నకే ఆగిపోయేది. చదివిందంతా లోపలే ఉండేది, నోట్లోంచి వచ్చేది కాదు. చివరికి అంతమ్మే ఎక్కడో విని, మొయినాబాద్‌లో ఒకాయన ఇంట్లోనే కంప్యూటర్ కంపెనీ పెట్టాడట, పోయి చూడు అంది.

అది కంపెనీ అనడానికి పెద్దగా ఏమీ లేదు. తిరుపతి మాదాపూర్‌లో కొన్నేళ్లు సర్వర్లు చూసే ఉద్యోగం చేసి, విసిగి మానేసి, సొంత ఇంటి వెనక గదిలో రెండు పెద్ద మెషిన్లు పెట్టుకున్నాడు. వాటికి ఒక ఏసీ, పెరట్లో ఒక పాత జనరేటర్. చుట్టుపక్కల బడులు, ఫంక్షన్ హాళ్లు, విత్తనాల దుకాణం, పూలు పండించే రైతుల సంఘం అతని దగ్గర తమ లెక్కలూ వెబ్‌సైట్లూ నడిపించుకునేవి.

మొదటి రోజు అతను ఆమెను ఏ ప్రశ్నా అడగలేదు. ఒక తెర ముందు కూర్చోబెట్టి, "ఇది స్టార్ట్ అయితలేదు. తెర మీద ఏమున్నదో చదువు," అన్నాడు. ఆమె పై నుంచి కింది దాకా నల్ల తెర మీది తెల్ల అక్షరాలన్నీ, అర్థమైనవీ కానివీ, ఒక్కొక్క లైనూ పైకి చదివింది. చదవడం అయ్యాక ఏమైందో తనకు తెలియలేదని ఒప్పుకుంది.

"నీకంటె ముందు వచ్చినోళ్లందరు చదవకముందే ఏమైందో చెప్పిన్రు," అన్నాడు తిరుపతి. "నువ్వు చదివినవ్. రేపటి సంది రా."

ఆయన ఆమెకు నేర్పిన పని దాదాపు అంతా ఇదే. మెషిన్ లేవకపోతే ఆగిన లైను కాదు, దానికి ముందు లైను చూడు. ఆగకపోతే లోపల ఏది పట్టుకుని కూర్చుందో చూడు. ఏదీ తెలియకముందు ఏదీ పీకకు. వర్చువల్ సర్వర్ అంటే ఏమిటో అంతమ్మకు కూడా ఆయనే చెప్పాడు, ఒకసారి కూతురిని తీసుకుపోవడానికి వచ్చినప్పుడు. "ఒక్క బిల్డింగు కట్టి పది పోర్షన్లు కిరాయికిస్తరు చూడు అవ్వా, అట్ల. ఎవరి తలుపు వాళ్లది, ఎవరి తాళం వాళ్లది. కింద పునాది మటుకు ఒకటే." అంతమ్మ తల ఊపి, "అయితె ఓనరు నువ్వన్నట్టు," అంది. ఆ మాటకు అతను చాలాసేపు నవ్వాడు.

ఇప్పుడు ఉమారాణి ఆ వెనక గది తలుపు తోసింది. లోపల చీకటి. ఆ గదిలో ఫ్యాన్ల హోరు లేకుండా ఆమె ఎప్పుడూ నిలబడలేదు. ఒక్క దీపం కూడా వెలగడం లేదు. మూలనున్న యూపీఎస్ మీద, అంటే కరెంటు పోతే కాసేపు బ్యాటరీతో మెషిన్లను నడిపించే డబ్బా మీద, ఎవరో మందపు బొంత కప్పారు.

వెనకే వచ్చిన జంగయ్య అన్నాడు, "అది ఒకటే తీరుగ కూత పెడుతుంటే ఆడోళ్లు పరేశాన్ అయిన్రు. అందుకే బొంత కప్పిన. కరెంటు పోయినంక జనరేటర్ చాలు చేసి పెట్టెకు కలిపినం. మీ మిషిన్లు, పెట్టె, రెండు కలిస్తే జనరేటర్ గుంజుతలేదు. గందుకే ఈ రూము స్విచ్చి తీసేసిన. తప్పయిందా అమ్మా?"

"లేదన్నా," అంది.

సర్వర్‌ను ఆపడానికి ఒక పద్ధతి ఉంటుంది. లోపలి పనులు ఒకటొకటిగా ముగించుకుని, రాయాల్సింది డిస్కు మీద రాసుకుని, అప్పుడు ఆగుతుంది. బ్యాటరీ ఎండిపోయి ఆగితే రాస్తున్నది రాస్తున్నట్టే తెగిపోతుంది. ఈ గదిలో ఉన్న పోర్షన్లన్నీ ఆ పొద్దున అట్లాగే తెగిపోయాయి. ఉమారాణి బొంత తీసి మడతపెట్టింది. మడతపెట్టి ఎక్కడ పెట్టాలో తోచక చేతుల్లోనే పట్టుకుని నిలబడింది.

అప్పుడు ఆమె ఫోన్ మోగింది. చేవెళ్ల నుంచి ప్రేమదాసు. ఆయన బడిలో డ్రాయింగ్ సార్. రక్తం ఇచ్చేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు పోగేసి, అవసరమైన వాళ్లకు కలిపే చిన్న సంఘం నడుపుతాడు. ఆ సంఘానికి తిరుపతి ఒక సర్వర్ ఊరికే ఇచ్చాడు. దాని పని కూడా తీరిక దొరికినప్పుడల్లా తనే చేసేవాడు, ఉమారాణిని ముట్టనిచ్చేవాడు కాదు.

"ఉమా, మన రక్తదాతల సైటు ఓపెన్ అయితలేదు. తిరుపతికి చేస్తే ఎత్తుతలేడు."

"అన్న లేడు సార్."

"ఏడికి పోయిండు? జర జల్ది చూడమను. ఇక్కడ నర్సింగ్ హోంల డెలివరీ కేసున్నది. ఓ నెగెటివ్. రక్తం ఆగుతలేదంటున్నరు. స్టాకు ఒక్కటే సీసా ఉండె, ఎక్కిచ్చిన్రు."

"సార్, తిరుపతన్న చచ్చిపోయిండు."

ఆ మాట ఆమె నోటితో అనడం అదే మొదలు. అన్న తర్వాత తన గొంతే తనకు ఎవరిదోలాగా వినిపించింది.

"నిన్న రాత్రి నాతోటి మాట్లాడిండు గదమ్మా," అన్నాడు ప్రేమదాసు. "ఎట్ల?"

ఆమె చెప్పింది. ఆయన విన్నాడు. అడగలేక అడుగుతున్నట్టు అన్నాడు. "బిడ్డా, ఈ టైముల అడగొద్దు. కాని నంబర్లన్ని అండ్లనే ఉన్నయి. నా కాడ ఉన్న కాయితాలు పాతయి. రెండింటికి చేసిన, కలుస్తలేవు. ఆ పిల్లకు ఇరవై ఏండ్లు కూడ లేవు."

రోజూ తీసే బ్యాకప్ నకళ్లు కూడా పక్క మెషిన్‌లోనే ఉన్నాయి, అదీ ఇదే గదిలో. ఊరంతా కరెంటు లేదు. బ్యాటరీలు ఖాళీ. ఉన్నది పెరట్లో జనరేటర్ ఒక్కటే.

ఏసీ లేకుండా ఒక్క మెషిన్ మాత్రమే పెడితే పెట్టె, మెషిన్ రెండూ నడుస్తాయేమో చూద్దామని జంగయ్యను అడిగింది. అతను స్విచ్ వేశాడు. ఫ్యాన్లు తిరగడం మొదలుపెట్టాయి, తెర మీద మొదటి అక్షరాలు వచ్చాయి. అంతలో హాల్లోని పెట్టె మోటారు ఒక్కసారి గుంజుకుంది. జనరేటర్ గొంతు కూరుకుపోయినట్టు దగ్గి ఆగిపోయింది. హాల్లో పెట్టె లోపలి తెల్ల దీపం ఆరిపోయింది. ఆడవాళ్లలో ఎవరో పెద్దగా ఏడ్చారు.

జంగయ్య మళ్లీ జనరేటర్ తిప్పి పెట్టెకే కలిపాడు. చెమట తుడుచుకుంటూ, "రెండు అయ్యేటట్టు లేదమ్మా," అన్నాడు.

"వదినను అడగాలె అన్నా."

"నేనెట్ల అడుగుత? నాతోని కాదు."

ఉమారాణి హాల్లోకి వెళ్లింది. పూర్ణిమ పెట్టె తల వైపు కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి, ఇప్పుడు ఊరికే చూస్తోంది. పక్కనే కుర్చీలో తిరుపతి పెదనాన్న రామచంద్రయ్య. ఉమారాణి పూర్ణిమ ముందు గొంతుక్కూర్చుని, నర్సింగ్ హోం మాట, నంబర్ల మాట, జనరేటర్ మాట చెప్పింది. తను ఏం అడుగుతోందో చెబుతుండగానే ఆమెకు తెలిసివచ్చింది. ఎదురుగా అద్దంలో తిరుపతి ముఖం కనిపిస్తుంటే అడుగుతోంది.

రామచంద్రయ్య ముందుకు వంగాడు. "ఏందమ్మా నువ్వనేది? తిరుపతి చెల్లె సూరత్‌ల బయలెల్లింది, రేపు పొద్దుగాలకు గాని రాదు. అన్న మొఖం చూడాలె గదా. గీ ఎండల మనిషిని గట్లనే పెట్టి మిషిన్లు నడుపుతరా?"

ఆయన అన్నదాంట్లో తప్పేమీ ఉమారాణికి కనిపించలేదు.

పూర్ణిమ తల ఎత్తింది. "ఎంతసేపు పడుతది?"

"తెల్వదు వదినా. చాలు చేసి చూస్తె గాని."

"లేస్తదా?"

"అదీ తెల్వదు."

పూర్ణిమ పెట్టె వైపు చూసింది. ఆ చూపు ఎంతసేపు అక్కడ ఉందో, ఉమారాణి తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా లెక్క తేలలేదు.

"వైరు తియ్యన్నా," అంది పూర్ణిమ తన అన్నతో. "ఐసు తెప్పియ్యి."

"పూర్ణిమా," అన్నాడు రామచంద్రయ్య.

"ఆయనుంటే నన్ను అడగకపోతుండె మామా. ఈ పెట్టెను బంద్ చేసి, పోయి దాని ముంగట కూసుంటుండె. నా పెండ్లయిన కాడికెల్లి చూస్తున్న." ఆ మాటలో కోపం ఉందో మరేముందో ఎవరికీ తెలియలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రామచంద్రయ్య లేచి బయటికి వెళ్లిపోయాడు.

జంగయ్య చేపల దుకాణాల దగ్గరి ఐసు డిపోకు మనిషిని పంపి, పెట్టె వైరు తీసి గదికి కలిపాడు. ఉమారాణి కుర్చీలో కూర్చుంది. అది తిరుపతి ఎత్తుకు సర్ది ఉంది. రోజూ తను పైకి లేపుకుని కూర్చుంటుంది, ఈరోజు లేపలేదు. ఏసీ లేదు కాబట్టి తలుపూ కిటికీ తెరిచి పెట్టింది. మెషిన్ లేచింది. పోర్షన్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. మిగతా వాటి జోలికి పోకుండా రక్తదాతల సర్వర్ ఒక్కదాన్ని స్టార్ట్ చేసింది.

లైన్లు పరుగెత్తాయి. సగంలో ఆగాయి.

ఆమె అలవాటుగా పైకి చదివింది. డిస్కు తనిఖీలో తప్పులు దొరికాయని, తనంతట తాను బాగుచేసుకోలేనని, బాగుచేయాలంటే రూట్ పాస్‌వర్డ్ ఇవ్వమని అడుగుతోంది. రూట్ అంటే ఆ సర్వర్ మీద సర్వ హక్కులూ ఉన్న యజమాని. ఆ పాస్‌వర్డ్ తిరుపతికి తప్ప ఎవరికీ తెలియదు. మిగతా సర్వర్లవి తెలిసినవి రెండు మూడు కొట్టి చూసింది. ఏదీ కాదంది. గోడకు అవతల, పది అడుగుల దూరంలో, ఆ పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఉన్నాడు. లేచి వెళ్లి అడిగిరావాలని ఆమె కాళ్లు నిజంగానే కదిలాయి. కుర్చీలోంచి సగం లేచాక ఆగిపోయింది. రెండు చేతులతో బల్ల పట్టుకుని కూర్చుంది.

పాస్‌వర్డ్ మరిచిపోయిన సర్వర్‌ను తెరిచే దారి ఒకటి ఉందని ఆమెకు తెలుసు. బడి వాళ్ల సర్వర్‌కు తిరుపతి ఒకసారి చేసి చూపించాడు. సర్వర్ లేచే మొదటి క్షణంలో ఒక చిన్న మెనూ వస్తుంది. అప్పుడే కీబోర్డు మీద మీట నొక్కి ఆపి, అది ఏ ఆజ్ఞతో లేస్తుందో ఆ లైను చివర ఒక చిన్న మాట కలిపితే, మామూలు పద్ధతులన్నీ వదిలేసి, పాస్‌వర్డ్ అడగకుండా నేరుగా లోపలికి తీసుకుపోతుంది. కానీ లోపల బాగుచేయడమంటే, తెగిపోయిన ముక్కల్లో ఏవి ఉంచాలో ఏవి పారేయాలో మెషినే తేల్చుకుంటుంది. నంబర్లే పోవచ్చు. అందుకని తిరుపతి ముందు డిస్కుకు నకలు తీసి, ఆ తర్వాతే చెయ్యి పెట్టేవాడు.

నకలుకు సమయం పడుతుంది. నర్సింగ్ హోంలో ఆ పిల్లకు రక్తం పోతోంది. హాల్లో ఐసు ఇంకా రాలేదు. ఉమారాణి నకలు తీయడమే మొదలుపెట్టింది. అది సరైనదో కాదో ఆమెకు తెలియదు. తిరుపతి చేసే వరస మాత్రం తెలుసు.

నకలు ఎంతయిందో చూపే గీత తెర మీద నెమ్మదిగా నిండుతుంటే ప్రేమదాసు మళ్లీ ఫోన్ చేశాడు. "అయితున్నది సార్," అని పెట్టేసింది. ఇంకోసారి చేశాడు. ఎత్తలేదు. కిటికీలోంచి వరండా కనిపిస్తోంది. ఐసు దిమ్మలు వచ్చాయి. గోనెసంచుల్లో చుట్టిన దిమ్మలను లోపలికి మోస్తున్న వాళ్లలో రామచంద్రయ్య కూడా ఉన్నాడు. చొక్కా ముందంతా తడిసిపోయి, పెద్ద దిమ్మను పొట్టకు ఆనించుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా నడుస్తున్నాడు.

నకలు పూర్తయింది. ఆమె సర్వర్‌ను మళ్లీ లేపింది. మెనూ వచ్చి మాయమైంది. మీట నొక్కడం ఆలస్యమైంది. మళ్లీ అదే చోట, అదే పాస్‌వర్డ్ అడుగుతూ ఆగింది. ఇంకోసారి ఆపి లేపింది. ఈసారి తెర వెలగకముందు నుంచే మీట కొడుతూ కూర్చుంది. మెనూ నిలిచింది. లైను చివరికి పోయి ఆ మాట టైపు చేసింది. ఒక అక్షరం తప్పు పడింది, చెరిపి మళ్లీ కొట్టింది.

సర్వర్ పాస్‌వర్డ్ అడగలేదు. తెర అడుగున చిన్న గుర్తు పెట్టి, ఏం చేయాలో చెప్పమన్నట్టు నిలబడింది.

డిస్కు బాగుచేయమని చెప్పింది. ప్రశ్న తర్వాత ప్రశ్న వస్తుంటే అన్నింటికీ అవునని జవాబు పోయింది. పేరు తెలియని ముక్కలు కొన్ని దొరికాయంది, పక్కన పెట్టానంది. చివరికి శుభ్రంగా ఉందంది. అప్పుడు ఆమె తిరుపతి పాస్‌వర్డ్‌ను తీసేసి కొత్తది పెట్టింది. సర్వర్ మామూలుగానే, రెండుసార్లు టైపు చేయమని అడిగింది. రెండోసారి టైపు చేసేటప్పుడు ఆమెకు తెర మసకబారింది. చెమటో కన్నీళ్లో చూసుకోలేదు.

ఈసారి సర్వర్ చివరి దాకా లేచింది. నంబర్లన్నీ దాచిన డేటాబేస్ కాస్త సణిగి, తన పాత రాతలు చూసుకుని, అదీ లేచింది. ఉమారాణి ఓ నెగెటివ్ వాళ్లను వెతికి, ప్రేమదాసుకు ఫోన్ చేసింది.

"రాసుకోండి సార్." పేరు, ఊరు, నంబరు చదవడం మొదలుపెట్టింది. చిన్న మంగళారం, శంకర్‌పల్లి, చేవెళ్ల. గొంతు తనంతట తాను చదువుకుంటూ పోయింది. "తిరుపతి, మొయి..." అంతవరకు వచ్చాక ఆగిపోయింది.

ఆయన రక్తం కూడా అదేనని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

అవతల ప్రేమదాసు పెన్ను కూడా ఆగినట్టుంది. "ఆయన ఎన్నోసార్లు ఇచ్చిండమ్మా," అన్నాడు. "మొట్టమొదలు నాకు గట్లనే ఎరుక. తర్వాతి నంబరు చెప్పు."

చెప్పింది.

జంగయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. "అయిందా అమ్మా? ఐసు కరుగుతున్నది."

"అయింది అన్నా. ఒక్క నిమిషం." సర్వర్‌ను ఆగమని బయటి నుంచి, అంటే పెద్ద మెషిన్ నుంచి, ఆజ్ఞ ఇచ్చింది. అది ఆగలేదు. ఇంకోసారి ఇచ్చింది. నడుస్తూనే ఉంది. జంగయ్య గడప మీద కాలు మార్చుకున్నాడు. కరెంటు తీసేస్తే అదే ఆగుతుంది, పొద్దున ఆగినట్టే. ఆ మాట ఆమెకు తోచకపోలేదు. కానీ ముందు చూసింది. బయటి నుంచి ఆగమని చెబితే లోపల ఆ మాట వినే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉండాలి. తిరుపతి ఈ సర్వర్‌లో అది పెట్టనేలేదు. పెట్టాల్సిన అవసరం ఆయనకు రాలేదు, ఎప్పుడూ తనే లోపలికి వెళ్లి ఆపేవాడు. ఆమె కొత్త పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి ఆగమంది. అది పనులన్నీ ఒకటొకటిగా ముగించుకుని ఆగింది. తర్వాత పెద్ద మెషిన్‌ను కూడా ఆపింది. ఫ్యాన్లు నిలిచిపోయాయి.

"ఇగ తీసుకోండన్నా," అంది.

పెట్టె దీపం మళ్లీ వెలిగింది. మధ్యాహ్నం కరెంటు వచ్చింది. చదివిన నంబర్లలో ఇద్దరు దొరికారని, రక్తం ఇచ్చారని, తల్లీ బిడ్డా బతికారని సాయంత్రం ప్రేమదాసు ఫోన్ చేసి చెప్పాడు. "సరే సార్," అంది ఉమారాణి. సంతోషించాలని ఆమెకు తెలుసు. ఎక్కడ వెతికినా సంతోషం దొరకలేదు, దుఃఖమూ దొరకలేదు. ఇంటికి వచ్చాక అంతమ్మ, "బట్టలకెల్లి డీజిల్ వాసన వస్తున్నదేందే?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోయి, అక్కడే గడప మీద కూలబడి ఏడ్చింది. నర్సింహులు పొలం నుంచి వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది.

మరునాడు తిరుపతి చెల్లెలు వచ్చింది. అన్న ముఖం చూసింది. ముందు రోజు పెట్టె ఆగిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

దినాలు గడిచేదాకా బడులవాళ్లూ దుకాణాలవాళ్లూ మర్యాదగా ఆగారు. తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. ఉమారాణి ఒక్కొక్క సర్వర్‌ను లేపింది. చాలావరకు లేచాయి. ఫంక్షన్ హాల్ వాళ్ల బుకింగులు కొన్ని పోయాయి, వాళ్లతో మాటలు పడింది. ఒకరోజు పూర్ణిమ ఆ గదిలోకి వచ్చి కూర్చుంది. పెళ్లై వచ్చిన ఇన్నేళ్లలో టీ ఇవ్వడానికి తప్ప ఆ గదిలోకి రాలేదని చెప్పింది.

"నాకు కూడ నేర్పియ్యి. ఎట్ల చాలు చెయ్యాల్నో తర్వాత చెప్పు. ముందు ఎట్ల ఆపాల్నో చెప్పు," అంది.

ఉమారాణి నేర్పింది. పాస్‌వర్డ్‌లన్నీ ఇద్దరికీ తెలిసేలా పెట్టుకున్నారు. అట్లా ఇద్దరూ కలిసి రెండేళ్లకు పైగా నడిపారు. రామచంద్రయ్య అప్పుడప్పుడు వచ్చి వరండాలో కూర్చుని, నీళ్లు తాగి వెళ్లేవాడు. ఆ రోజు మాట ఆయనా ఎత్తలేదు, పూర్ణిమా ఎత్తలేదు. పెద్ద కంపెనీలు ఇంతకంటే చవకగా సర్వర్లు ఇవ్వడం మొదలయ్యాక ఒక్కొక్కరే వెళ్లిపోయారు. రక్తదాతల సర్వర్‌ను చివరిదాకా ఉంచి, వేరేచోటికి మార్చి, అది అక్కడ లేచిందని చూసుకున్నాకే ఇక్కడ ఆపారు.

ఉమారాణికి గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చింది. రోజంతా లేవని సర్వర్లను లేపడం, ఆగని వాటిని ఆపడమే అక్కడ ఆమె పని. కొత్తగా చేరిన వాళ్లు దేన్నైనా బలవంతంగా ఆపబోతే ఒక్కోసారి ఆమె గొంతు అవసరానికి మించి లేస్తుంది. ఎందుకో వాళ్లకు తెలియదు. ఆమె కూడా చెప్పదు.

మొయినాబాద్‌లో ఆ వెనక గదిని ఇప్పుడొక టైలర్ కిరాయికి తీసుకున్నాడు. ఉమారాణి జాకెట్లు అక్కడే కుట్టించుకుంటుంది. కొలతలిచ్చాక ఇంట్లోకి వెళితే పూర్ణిమ టీ పెడుతుంది. ఇద్దరూ ఎండల గురించి, పెరిగిన ప్లాట్ల రేట్ల గురించి, ఆటోలు దొరకడం లేదన్న దాని గురించి మాట్లాడుకుంటారు.